మెరుగు పెట్టబోయే ముందు

— పనిముట్ల పెట్టె —



మా ఇంట్లో ఒక ఇత్తడి బిందె ఉన్నది. మా నాయనమ్మ కాపురానికి వస్తూ నెల్లూరు నుంచి మదరాసుకు తెచ్చుకున్న సామానులో అది ఒకటి. మన ఇళ్ళ ఆనవాయితీ మీరెరిగినదే. బిందె మెడ దగ్గర సన్నని చుక్కలతో ఆమె పేరూ, పుట్టింటివారి ఊరి పేరూ, సంవత్సరమూ కొట్టించి ఉండేవి. ‘ఉండేవి’ అనవలసి రావడానికి కారకుణ్ణి నేనే. వర్కుషాపులో పనికి చేరిన కొత్తలో, నా పనితనం ఇంట్లోవాళ్ళకు చూపాలన్న సరదా పుట్టి, ఆ బిందెను తీసుకుపోయి బఫింగు చక్రానికి పట్టాను. అరగంటలో కొత్త బిందె అయింది. సంబరంగా తెచ్చి మా అమ్మ ముందు పెట్టాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, “బాగానే మెరుస్తున్నదిరా. మీ నాయనమ్మ పేరు ఏదీ?” అన్నది.

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. నలభై ఏళ్ళు దాటినా ఇప్పటికీ లేదు.

పోయిన వేసవిలో ఇంగ్లండులో నాలుగు వారాలు గడిపి వచ్చాను. అక్కడ ఒక పాత స్పోర్ట్సు కారు సామాను ముందు కూర్చున్నప్పుడు మా అమ్మ ప్రశ్నే మళ్ళీ ఎదురైంది. పాత లోహపు వస్తువుల పైపూతను ఎట్లా కాపాడుకోవాలో, కాపాడలేనప్పుడు ఎట్లా తిరిగి వేయించుకోవాలో అప్పుడు నేర్చుకున్నది ఈ నెల మీతో చెప్పుకుంటాను. కారు లేనివారు కూడా చివరిదాకా చదవవలసిందని మనవి. పిల్లలున్న ఇంటికి పనికివచ్చే హెచ్చరిక ఒకటి ఇందులో ఉన్నది.

అట్టపెట్టెల్లో కారు

మా చెల్లెలి కొడుకు ఆక్స్‌ఫర్డు దగ్గర అబింగ్డన్ అనే ఊళ్ళో కాపురం ఉంటున్నాడు. థేమ్స్ నది ఒడ్డున చిన్న ఊరు. పాత కార్ల సంగతి తెలిసినవారికి ఆ పేరు చెబితే చాలు. ఎం.జి. అనే రెండక్షరాల కారు 1929 నుంచి 1980 దాకా తయారైనది అక్కడే. ఎం.జి. అంటే మోరిస్ గారేజెస్. ఆక్స్‌ఫర్డులో విలియం మోరిస్ గారి కార్ల అమ్మకం, మరమ్మతు వ్యాపారానికి ఆ పేరు. అక్కడ మేనేజరుగా ఉన్న సెసిల్ కింబర్ అనే ఆయన, మామూలు మోరిస్ కార్లకు చురుకైన ఒళ్ళు తొడిగి అమ్మడంతో ఈ కార్లు మొదలైనవి. 1929లో అబింగ్డన్‌లోని ఒక తోళ్ళ కార్ఖానా ఆవరణలోకి మారి, అర్ధశతాబ్దం అక్కడే సాగినవి.

మావాడు కొన్నది ఎం.జి.ఎ. అనే రకం. 1955 నుంచి 1962 దాకా అటువంటివి లక్షకు పైగా చేశారు. అందులో చాలా భాగం ఓడలెక్కి అమెరికా పోయినవి. మావాడిది 1957 నాటిది. కారు కొన్నాడంటే కారు అనుకునేరు! రంగు వెలిసిన ఒళ్ళు ఒకటి, కింది చట్రం ఒకటి, పదిహేడు అట్టపెట్టెల నిండా విడి సామాను. బోల్టులు, క్లిప్పులు, బ్రాకెట్లు, స్ప్రింగులు, రెండు కార్బురేటర్లు, దీపాల చట్రాలు అన్నీ కలగాపులగంగా ఉన్నవి.

“మామయ్యా, నువ్వు వచ్చేదాకా ముట్టుకోలేదు. ఇవన్నీ ఒక్కసారే ప్లేటింగు షాపుకు పంపేద్దాం. అద్దంలా వచ్చేస్తాయి” అన్నాడు.

నేను సరేననేవాణ్ణే. బిందె సంగతి అప్పటికి గుర్తు రాలేదు. పక్కింటి పెద్దాయన అడ్డుపడ్డాడు. ఆయన పదహారో ఏట ఆ కార్ఖానాలో చేరి, 1980లో మూతపడేదాకా పనిచేసినవాడు. గోడ మీదుగా మమ్మల్ని పలకరించడానికి వచ్చి, పెట్టెలోంచి ఒక నల్లని బ్రాకెట్టు తీసి చేతిలో తిప్పాడు. “ఇది ఏనాడూ మెరవలేదు. ఇప్పుడెందుకు మెరవాలి?” అన్నాడు. అంతే. ఆ ఒక్క మాటతో మా నాలుగు వారాల పని మారిపోయింది.

ఎవరి పూత వారిది

అబింగ్డన్‌లో జరిగినది ముఖ్యంగా కూర్పు పని. ఒళ్ళు కొవెంట్రీ నుంచి వచ్చేది. కరెంటు సామాను బర్మింగ్‌హామ్‌లోని లూకాస్ వారిది. కార్బురేటర్లు అదే ఊరి ఎస్.యు. వారివి. మీటర్లు లండనులోని స్మిత్స్ వారివి. ఎవరి సామాను వారు తమ పూతతోనే పంపేవారు. కనుక ఒకే కారులో పక్కపక్కనున్న రెండు బోల్టులలో ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా ఉంటే ఆశ్చర్యం లేదు. ఇద్దరు వేరు వేరు వ్యాపారులు పంపినవి అవి.

ఆ పూతలను మేము ఐదు తెగలుగా విడదీసుకున్నాము.

మొదటిది కాడ్మియం. చిన్న బోల్టులకు, కడ్డీలకు, క్లిప్పులకు ఆ రోజుల్లో ఇది విరివిగా వేసేవారు. తెలుపులో కొంచెం బూడిద కలిసిన నెమ్మదైన రంగు. వెండిలా మిరుమిట్లు గొలపదు. మెత్తని లోహం కాబట్టి మరచుట్లు సాఫీగా బిగుస్తాయి. ఉప్పుగాలికి బాగా ఓర్చుకుంటుంది. అల్యూమినియం పక్కన బిగించినా పేచీ పెట్టదు.

రెండవది ఫాస్ఫేటు పూత. వేడి ఫాస్ఫారికు ఆమ్లపు ద్రావకంలో ఇనుమును ముంచితే పైన సన్నని స్ఫటికాల పొర ఏర్పడుతుంది. ఆ పొర నూనెను దూదిలా పీల్చుకొని తుప్పును ఆపుతుంది. నలుపు, ముదురు బూడిద రంగుల్లో ఉంటుంది. ఈ విద్యకు బర్మింగ్‌హామ్‌లోనే థామస్ వాట్స్ కోస్లెట్ 1906లో పేటెంటు తీసుకున్నాడు. మా పెద్దాయన చేతిలోని బ్రాకెట్టు ఈ తెగదే.

మూడవది క్రోమియం. బంపర్లకు, ముందు జాలీకి, దీపాల అంచులకు వేసినది. నాలుగవది ఏ పూతా లేని అల్యూమినియం పోత. ఐదవది మామూలు రంగు.

ఈ ఐదింటినీ ఒకే తొట్టిలో ముంచి తీస్తే, కారు మెరుస్తుంది గాని అది కారులా ఉండదు. పెండ్లిలో వంటవాళ్ళకూ, మేళగాళ్ళకూ, పురోహితులకూ, పెండ్లికొడుక్కూ ఒకే జరీ పంచె కట్టినట్లు ఉంటుంది.

తుడవకముందు చదవడం

ఏ పూత ఎక్కడ ఉండేదో తెలిసేదెట్లా? అరవై ఏళ్ళ వాన, మట్టి, నూనె కలిసి అన్నిటికీ ఒకే రంగు తెచ్చిపెట్టినవి. పెద్దాయన చూపిన కిటుకు ఇది. బోల్టు తల పైన చూడవద్దు, తల కింద చూడండి. వాషరు కప్పిన చోట, క్లిప్పు బిగిసిన చోట, రెండు రేకులు ఒత్తుకున్న చోట వాన చొరబడదు. కార్ఖానాలో వేసిన పూత అక్కడ చిన్న ఉంగరంలా మిగిలి ఉంటుంది. మన పెండ్లి ఉంగరం తీసినప్పుడు వేలు మీద కనబడే తెల్లని గీత వంటిదే.

మా పద్ధతి ఇట్లా సాగింది. ముందు ప్రతి వస్తువుకూ తుడవకుండానే రెండు వైపులా ఫొటో తీశాము. ఎక్కడి నుంచి వచ్చినదో చీటీ రాసి కట్టాము. తరువాత ఒక మూల మాత్రం కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిచి చూశాము. కనబడిన రంగును నోటుబుక్కులో రాసుకున్నాము. బోల్టు తలల మీద చేసినవారి ముద్రలుంటాయి. మా పెట్టెల్లో కొన్నిటి మీద ‘బీస్’ అన్న అక్షరాలు కనబడినవి. ఆ కాలపు బ్రిటిషు బోల్టుల మీద అది తరచు కనబడే ముద్రే. అటువంటివి దొరికితే పారవేయవద్దు. కొత్త బోల్టు కొనవచ్చుగాని ఆ ముద్ర కొనలేము. బఫింగు చక్రం ముందుగా తినేది ఆ అక్షరాలనే. అక్షరాలు అన్న మాట వినగానే నాకు బిందె గుర్తుకు వచ్చింది. అప్పటినుంచి చక్రం వైపు చేయి పోలేదు.

ఇట్లా చదవడానికే పది రోజులు పట్టింది. చివరికి తేలినదేమంటే, మూడో వంతు సామానుకు ఏ పూతా అక్కరలేదు. మురికి పోగానే పాత పూతే బయటపడింది. వాటికి పలుచగా మైనం పట్టించి పక్కన పెట్టాము. అన్నిటికంటే మంచి మరమ్మతు ఇదే. ఖర్చు కూడా లేదు.

ఇంట్లో చంటిపిల్ల

ఇక హెచ్చరిక. మావాడికి మూడేళ్ళ కూతురు ఉన్నది. మొదటి రోజు మావాడు తన వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి, తెల్లని బోల్టులను ఇనుప తీగల బ్రష్షుతో పొడిగా గీకడం మొదలుపెట్టాడు. పిల్ల పక్కనే నిలబడి రాలిన పొడిలో వేలితో గీతలు గీస్తున్నది. పెద్దాయన కిటికీలోంచి అది చూసి పరుగున వచ్చాడు.

“ముందు పిల్లను అవతలికి తీసుకుపొండి” అన్నాడు. ఆ తరువాతే కారణం చెప్పాడు.

కాడ్మియం విషం. గీకితే లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒకసారి ఒంట్లోకి పోయినది ఏళ్ళ తరబడి మూత్రపిండాల్లో నిలిచి వాటిని చెడగొడుతుంది. కాన్సరు కలిగించే పదార్థాల పట్టికలో దీన్ని 1993లో చేర్చారు. జపానులో జింజు నది పక్క పల్లెల్లో గనుల నుంచి వచ్చిన కాడ్మియం పొలాల్లోకి పారి, అన్నం ద్వారా ఒంట్లో చేరి, ఎముకలు గుల్లబారి, జనం నొప్పితో అలమటించారు. ఆ జబ్బుకు ‘ఇతాయి-ఇతాయి’ అని పేరు. ‘నొప్పి, నొప్పి’ అని దాని అర్థం. దానికి కారణం కాడ్మియమేనని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకున్నది.

మంట చూపితే మరీ ప్రమాదం. కాడ్మియం 321 డిగ్రీలకే కరుగుతుంది. 767 డిగ్రీలకు ఆవిరి అవుతుంది. వెల్డింగు మంటకు అది ఒక లెక్క కాదు. ఆ పొగ పీల్చినవాడికి అప్పటికప్పుడు ఏమీ తెలియదు. కొన్ని గంటల తరువాత జలుబు జ్వరంలా మొదలై ప్రాణం మీదికి రావచ్చు.

కాబట్టి ఇవి గుర్తుంచుకోండి. పాత కారు మీది తెల్లని పూత కాడ్మియమో, జింకో కంటితో తేల్చుకోబోవద్దు. కాడ్మియమనే అనుకోండి. పొడిగా గీకవద్దు, ఎమరీ కాగితం పట్టవద్దు, కాల్చవద్దు. చేతికి తొడుగులు వేసుకొని, కిరసనాయిలులో నానబెట్టి, తడిగానే మెత్తని బ్రష్షుతో కడగాలి. ఆ పని వంటింట్లో కాదు, పిల్లలు రాని చోట చేయాలి. కిరసనాయిలు దగ్గర పొయ్యి గాని, చుట్ట గాని ఉండరాదు. తుడిచిన గుడ్డలను, మిగిలిన మడ్డిని కాలువలో పోయకుండా మూత పెట్టి, ప్రమాదకరమైన చెత్త తీసుకునేచోట అప్పగించాలి.

ఆ సాయంత్రం మావాడి భార్య బల్లను తడిగుడ్డతో నాలుగుసార్లు తుడిచి, పిల్ల బట్టలు మార్చి, చేతులు కడిగించి, అట్టపెట్టెలన్నిటినీ తానే షెడ్డులోకి చేర్చింది. మాతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ఆమె కోపంలో న్యాయమున్నది.

మరి కాడ్మియం పూత పాడైనవాటికి గతి ఏమిటి? ఐరోపాలో 1991 నాటి ఆదేశం తరువాత ఈ పూత చాలా వాడకాలకు నిషిద్ధమైంది. విమానాల వంటి కొన్ని పనులకే మినహాయింపు. అందుకని జింకు పూత వేయిస్తారు. కొత్త జింకు కొంచెం నీలి ఛాయతో ఎక్కువగా మెరుస్తుంది. పూతకు ముందు సామానును సన్నని గాజుపూసలతో బ్లాస్టు చేయించి, పైన రంగు లేని పాసివేటు ద్రావకంలో ముంచమని చెబితే, ఆ మెరుపు తగ్గి పాత కాడ్మియానికి చాలా దగ్గరగా వస్తుంది. పూత మందమైతే మరచుట్లు ఇరుక్కుంటాయి. కనుక పలుచగా వేయమని ముందే చెప్పుకోవాలి.

తెల్లవారేసరికి విరిగిన స్ప్రింగు

రెండో పాఠం మా తొందరపాటు వల్ల నేర్చుకున్నది. జింకు పూతకు పంపిన సామానులో కార్బురేటరు యాక్సిలరేటరును వెనక్కు లాగే స్ప్రింగులు రెండు కలిసిపోయినవి. తెల్లగా, ముచ్చటగా వచ్చినవి. సాయంత్రం ఒకదాన్ని లాగి తగిలించి చూసుకొని, మురిసిపోయి పడుకున్నాము. పొద్దున షెడ్డు తలుపు తీస్తే అది రెండు ముక్కలై నేల మీద పడి ఉన్నది. ఎవరూ ముట్టుకోలేదు. దానంతటదే విరిగింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది.

కారణం హైడ్రోజను. పూతకు ముందు ఆమ్లంలో ముంచినప్పుడూ, కరెంటు తొట్టిలో పూత ఎక్కేటప్పుడూ హైడ్రోజను పుట్టి, కొంత ఉక్కులోకి ఇంకుతుంది. మెత్తని ఇనుముకు దానివల్ల బాధ లేదు. గట్టిగా పదును పెట్టిన ఉక్కును మాత్రం అది పెళుసు చేస్తుంది. వెంటనే విరగదు. బరువు మోస్తూ కొన్ని గంటలకో, కొన్ని రోజులకో టక్కున విరుగుతుంది. దీనికి విరుగుడు ఉన్నది. పూత అయిన నాలుగు గంటల లోపలే పొయ్యిలో పెట్టి 190 నుంచి 220 డిగ్రీల వేడిలో చాలా గంటలు ఉంచితే హైడ్రోజను బయటికి పోతుంది. పూత వేసేవారికి అవి స్ప్రింగులని మేము చెప్పలేదు, వారూ అడగలేదు.

ఆ స్ప్రింగు షెడ్డులో కాక రోడ్డు మీద విరిగి ఉంటే? యాక్సిలరేటరు వెనక్కు రాదు. కాలు తీసినా కారు ఆగదు. పక్క సీటులో పిల్లను కూర్చోబెట్టుకొని తిప్పాలనే మావాడు కారు కొన్నది. ఆ మాట పైకి అనకపోయినా ముగ్గురమూ అదే తలచుకున్నాము. ఆ పూట పని మానేసి టీ తాగుతూ కూర్చున్నాము.

అప్పటినుంచి మా నియమం ఒకటే. స్ప్రింగులకు, సర్‌క్లిప్పులకు, స్ప్రింగు వాషర్లకు పూత వేయించము. కొత్తవి కొని నూనె రాసి వాడతాము. స్టీరింగు, బ్రేకు, సస్పెన్షను బోల్టులు పాతవి ఎంత ముచ్చటగా ఉన్నా, సరైన బలమున్న కొత్తవి కొని బిగిస్తాము. పాతవి చీటీ కట్టి డబ్బాలో దాస్తాము. కారుకు చరిత్ర ముఖ్యమే. మనిషికి ప్రాణం అంతకంటే ముఖ్యం.

చెరకు మడ్డి, చాకలిసోడా

పూత పూర్తిగా పోయి తుప్పు పట్టిన ఇనుముకు ఇంగ్లండు వాళ్ళు చేసే చిట్కా చూసి నాకు నవ్వు వచ్చింది. చెరకు మడ్డి! బెల్లం, పంచదార ఫాక్టరీల్లో మిగిలే నల్లని మడ్డే. అక్కడ గుర్రాల దాణా అమ్మే కొట్లలో దొరుకుతుంది. ఒక వంతు మడ్డికి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి, అందులో వస్తువును ఒకటి నుంచి మూడు వారాలు నానబెడితే తుప్పును మెల్లగా తినివేస్తుంది. మంచి ఇనుము జోలికి పెద్దగా పోదు. వాసన మాత్రం భరించలేము. పక్కింటివారితో మాట పోకుండా మూత పెట్టుకోవాలి. అల్యూమినియం, జింకు పోత సామాను ఇందులో వేయరాదు, అవి కరిగిపోతాయి. తెల్లని పూత మిగిలిన సామానూ వేయరాదు.

తొందరగా కావాలనుకునేవారు చాకలిసోడా నీళ్ళలో వస్తువును, పక్కన ఒక ఇనుప ముక్కను వేలాడదీసి, బాటరీ చార్జరు కరెంటు పంపుతారు. తుప్పు పట్టిన వస్తువును నెగటివు తీగకు, ఇనుప ముక్కను పాజిటివు తీగకు తగిలించాలి. ఆ ముక్క మామూలు ఇనుమే కావాలి. స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే నీళ్ళలో విషపూరితమైన క్రోమియం లవణాలు చేరుతాయి. ఈ పని గాలి ఆడేచోట చేయాలి, ఏలననగా ఇందులోనూ హైడ్రోజను వాయువు పుడుతుంది. నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. స్ప్రింగులను ఇందులోనూ వేయరాదు. కారణం పైన చెప్పినదే.

రెండు కార్బురేటర్లు

ఎం.జి.ఎ.కు ఎస్.యు. కార్బురేటర్లు రెండు ఉంటాయి. నెత్తిన గంటలాంటి గది, దానిపైన ఇత్తడి మూత. చాలామంది వాటిని అద్దంలా మెరిపిస్తారు. కింది భాగం అచ్చులోంచి వచ్చిన గరుకు పోతే. దాన్ని నున్నగా చేస్తే అచ్చు గుర్తులు, అక్షరాలు పోతాయి. పొడి ఇసుకతో బ్లాస్టు చేయడం మరీ తప్పు. ఆ రేణువులు సన్నని దారుల్లో ఇరుక్కొని, తరువాత ఇంజనులోకి పోయి దాన్ని అరగదీస్తాయి. నీళ్ళు, సన్నని గాజుపూసలు కలిపి కొట్టే పద్ధతి మేలు. దాని తరువాత కూడా ప్రతి దారినీ గాలితో ఊది కడగాలి.

అన్నిటికంటే ముఖ్యం ఏమంటే, ఆ గంట లోపలి గోడకు ఏ మెరుగూ పెట్టరాదు. లోపల ఒక పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. గదికీ పిస్టనుకూ మధ్య సందు తలవెంట్రుక కంటే సన్నం. ఏ గది పిస్టను ఆ గదికే కొలిచి జత చేస్తారు. లోపల మెరుగు పెట్టినా, రెండు కార్బురేటర్ల పిస్టన్లు తారుమారు చేసినా, ఇంజను సరిగా నడవదు. కార్బురేటరు విప్పేముందు ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి తెల్ల దారం కట్టుకోవడం తెలివైన పని.

పైన పటారం

బంపర్లకు మాత్రం క్రోమియం వేయించాము. వేయించేముందు ఆ విద్య తెలుసుకోవడం మంచిది. కంటికి మెరిసే క్రోమియం పొర మందం చాలావరకు ఒక మైక్రానులో సగం కూడా ఉండదు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తుప్పును ఆపేదీ, మెరుపుకు ఆధారమైనదీ కింద ఉన్న నికెల్ పొర. దానికింద తరచు రాగి కూడా ఉంటుంది. నికెల్ పలుచనైతే, పైన పటారం లోన లొటారమే. రెండు వానాకాలాల్లో చుక్కలు చుక్కలుగా తుప్పు పైకి వస్తుంది. 1950–53 కొరియా యుద్ధకాలంలో నికెల్‌కు కరువు వచ్చి, అప్పటి కార్ల పూత పలుచనై మాట పడ్డది. కాబట్టి షాపువారిని ‘ఎంత మెరుస్తుంది’ అని అడగకండి. ‘నికెల్ ఎంత మందం వేస్తారు’ అని అడగండి. వంటపాత్రకు కళాయి పోయించేటప్పుడు మన ఆడవాళ్ళు తగరం ఎంత వేస్తున్నాడో దగ్గర నిలబడి చూసుకునేవారు. అదే జాగ్రత్త ఇక్కడా కావాలి.

జింకు పోతతో చేసిన దీపపు దిమ్మలు, పిడులు ఉంటే మొదటే చెప్పాలి. పైన చిన్న చుక్క కనబడినా కింద గుంట ఉంటుంది. ఇనుముకు వాడే ఘాటైన ఆమ్లంలో ముంచితే ఆ వస్తువే మిగలదు.

ఎంతవరకు?

పాత కట్టడాలను కాపాడే పద్ధతి గురించి 1964లో వెనిస్ నగరంలో ఒక ఒడంబడిక రాసుకున్నారు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ‘ఫీవా’ వారు అదే దారిలో 2012లో తమ టురిన్ ఒడంబడికను ఆమోదించారు. దాని సారం మన పెద్దవాళ్ళ మాటే. ఉన్నదాన్ని నిలుపు, కావలసినంతే ముట్టుకో, ముట్టుకున్నది రాసిపెట్టు.

మావాడి కారు ఇంకా పూర్తి కాలేదు. బంపర్లు మెరుస్తున్నవి. బ్రాకెట్లు నల్లగా ఉన్నవి. బోల్టులు నెమ్మదిగా, బూడిద వన్నెతో ఉన్నవి. నేను బయలుదేరే రోజున పక్కింటాయన వచ్చి, ఇంజను గది పక్కన బిగించిన క్లిప్పుల వరస మీద వేలు పోనిచ్చాడు. “ఇది మా లైను మీద చూసినట్లే ఉన్నది” అన్నాడు. మావాడు ఏ పోటీకీ కారు పెట్టనవసరం లేదు. వాడికి రావలసిన బహుమతి వచ్చేసింది.

ఇంగ్లండు కారు గొడవ మనకెందుకని అనేవారికి ఒక మాట. 2014 దాకా మన దేశంలో తయారైన అంబాసిడరులో ఏళ్ళ తరబడి నడిచిన 1489 సి.సి. పెట్రోలు ఇంజనూ, మావాడి ఎం.జి.ఎ. ఇంజనూ ఒకే వంశానివి. ఇక మన మదరాసులోనే 1961 నుంచి స్టాండర్డు హెరాల్డు తయారైంది. అది ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డే. దాని చట్రాన్నే కురచ చేసి 1962లో స్పిట్‌ఫైరు అనే స్పోర్ట్సు కారు చేశారు. మనలో ఎందరి ఇళ్ళ వెనక షెడ్లలోనో అటువంటి తాతగారి కారు దుప్పటి కప్పుకొని ఉండవచ్చు. దాన్ని పుదుపేట సందుల్లోకి పంపేముందు, ఒక వాషరు విప్పి కింద చూడండి.

కారు లేనివారికి బిందెలు ఉన్నవి గదా. పేర్లు కొట్టించిన పాత్రలు మీ అటక మీద ఉంటే, పాలిషుకు ఇచ్చేముందు పేరు మీద పలుచని కాగితం పరిచి, పెన్సిలు పక్కకు వాల్చి మెల్లగా రుద్దండి. అక్షరాలు తెల్లగా పడతాయి. ఆ కాగితాన్ని తేదీ వేసి దాచండి. చింతపండుతో చేత్తో తోమండి, చక్రానికి మాత్రం ఇవ్వవద్దు.

ఊరినుంచి రాగానే నేను మా బిందెకు అదే చేశాను. కాగితం మీద మూడు చుక్కలూ, ఒక కొమ్మూ మాత్రం పడినవి. ఏ అక్షరమో పోల్చుకోలేకపోయాను. అయినా తేదీ వేసి దాచాను.

మీ ఇంటి పాత సామాను మీద ఉన్న పేర్లూ, ఊళ్ళూ, సంవత్సరాలూ మాకు రాసి పంపండి. వచ్చిన ఉత్తరాలను బట్టి ఇంకొక నెల వాటి సంగతే ఈ పేజీలో ముచ్చటించుకుందాము.